కూల్చవద్దన్నది ఖైదీలే

విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కిన యాత్రికుడు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రాన్ని దాటి, మూడవనాడో నాలుగవనాడో దక్షిణ అండమాను తీరాన్ని చేరుకుంటాడు. విమానంలో వెళ్ళేవారికి అది రెండు గంటల ప్రయాణం మాత్రమే. అయినా ఆ దీవుల చరిత్ర తెలియగోరేవారికి ఓడ ప్రయాణమే తగినది. నాలుగు దిక్కులా నీరు తప్ప మరేమీ కానరాని ఆ దినాలలో, 'కాలాపానీ' అన్న మాట వినగానే మన పూర్వులు ఎందుకు కంపించిపోయేవారో కొంతవరకైనా బోధపడుతుంది. సముద్రం దాటినవాడు కులానికీ కుటుంబానికీ దూరమైనట్లేనన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది. ఆనాటి వారికి ద్వీపాంతరవాసం మరణశిక్ష కంటె భయంకరమైనది.

ఓడ రేవులోనికి ప్రవేశిస్తూండగా, ఎడమవైపు చెట్లతో కప్పబడిన ఒక చిన్న దీవి, దానికెదురుగా ఊరివైపు ఎత్తైన భూభాగంమీద ఒక ఇటుక కట్టడం కనిపిస్తాయి. ఆ ఊరు నిన్నమొన్నటి వరకు పోర్టుబ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురమని పేరు మార్చారు. ఎత్తుమీది ఆ కట్టడమే సెల్యులర్ జైలు. ఏడు భాగాలుగా నిర్మించిన ఆ జైలులో నేడు మూడు భాగాలూ, నడిమి బురుజూ మిగిలి ఉన్నాయి. ఆ మిగిలినదైనా దక్కడానికి ముఖ్య కారకులెవరో తెలుసుకొన్న యాత్రికుడు విస్మయం చెందక మానడు. జైలు నామరూపాలు లేకుండా పోవాలని కోరుకొనే హక్కు ఎవరికైనా ఉన్నదంటే, అది అందులో మగ్గినవారికే ఉన్నది. కాని దానిని కూల్చవద్దని ప్రభుత్వాన్ని వేడుకొన్నవారు వారే.

ఆ వేడుకోలుకు అర్థం తెలియాలంటే, జైలుకు పూర్వమున్న స్థలాలనుండి యాత్ర ప్రారంభించడం మంచిది. ఈ రేవు చుట్టూ ఉన్న చిన్న చిన్న దీవులే ఆ చరిత్రకు ప్రథమాధ్యాయాలు.

ఒక వంతెనతో ఊరికి కలుపబడిన చాతమ్ దీవి వాటిలో మొదటిది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో తొలి వలసను ఇక్కడే నెలకొల్పాడు. 1792లో ఆ వలసను ఉత్తర అండమానుకు తరలించారు. అక్కడ రోగాలు ప్రబలి జనం మరణిస్తూండడంతో 1796లో ప్రయత్నమే విరమించారు. అటు తరువాత అరవైరెండేళ్ళపాటు ఈ దీవులను కంపెనీవారు దాదాపు మరచిపోయారు. వాటిని మరల జ్ఞాపకానికి తెచ్చినది 1857 సంగ్రామం. తిరుగుబాటుదారులతో జైళ్ళు నిండిపోగా, 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ఆ ఖైదీలే కీకారణ్యాన్ని నరికి తమ చెరకు తామే చోటు చేసుకోవలసి వచ్చినది. అనేకులు అడవిలోకి పారిపోయారు. అడవిని దాటితే బర్మాకు దారి ఉన్నదని వారిలో కొందరు నమ్మారట! దీవికి అంతటా సముద్రమేనని తెలిసేసరికి వారి బలం ఉడిగిపోయినది. పట్టుబడినవారిలో ఎనభై మందికి పైగా ఒక్కరోజున ఉరితీయబడ్డారు. చాతమ్‌లో నేడు యాత్రికులు చూసేది 1883లో నెలకొల్పిన కలప కోత మిల్లు. రంపాల రొదలో, అండమాను పడౌకు దుంగల ఎర్రని పొట్టు వాసనలో, ఆ తొలి ఇన్నూరు మంది సంగతి తలచేవారు అరుదు.

రేవు లోపలికి పడవలో వెళితే వైపర్ దీవి వస్తుంది. బ్లెయిర్ వచ్చిన ఓడ పేరే దానికి నిలిచినది. సెల్యులర్ జైలు పుట్టకముందు, గొలుసులతో బంధింపబడిన ఖైదీలకు ఇదే చెర. పాత జైలు శిథిలమైపోగా, ఒక గుట్టమీద గుమ్మటం గల ఎర్ర ఇటుకల ఉరికంబపు గది మాత్రం చెక్కుచెదరక నిలిచి ఉన్నది. దూరంనుండి చూసేవారు దానిని ఏదో దేవాలయమని భ్రమపడినా ఆశ్చర్యం లేదు. 1872 ఫిబ్రవరి 8 సాయంకాలం, రేవుకు ఆవలి ఒడ్డున హోప్‌టౌన్ వద్ద, వైస్రాయి లార్డ్ మేయోను షేర్ అలీ అనే పఠాను ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి ఆయన ఒక్కడే. షేర్ అలీని మార్చి 11న ఈ వైపర్ దీవిలో ఉరితీశారు. మేయో ఆ సాయంకాలం ఏ కొండపైనుండి సూర్యాస్తమయం చూసి దిగివస్తున్నాడో ఆ మౌంట్ హారియట్‌కు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. 1891 యుద్ధానంతరం ఇక్కడికి ప్రవాసం పంపబడిన మణిపురి వీరులకు అది స్మారకం. ఆ కొండపైనుండి కానవచ్చే దీపస్తంభపు దృశ్యం చాలాకాలం మన ఇరవై రూపాయల నోటు వెనుక ముద్రింపబడి ఉండేది. ఆ నోటు చేతులు మార్చిన కోట్లాది జనంలో ఆ దృశ్యం ఎక్కడిదో ఎరిగినవారు ఎందరు?

ఇంతకూ వైపర్ ఉండగా మరొక జైలు ఎందుకు కావలసి వచ్చినది? కాలం గడిచినకొద్దీ ద్వీపాంతరవాసమంటే ఖైదీలకు వెనుకటి భయం పోయినదని అధికారులు భావించారు. మంచి నడవడి గలవారు జైలు వెలుపల పని చేసుకొని, పెండ్లిండ్లు చేసుకొని, సేద్యం చేసుకొనే అవకాశం అప్పటికి ఏర్పడినది. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు విచారణ జరిపి, ప్రతి ఖైదీ ప్రవాసంలో మొదటి భాగాన్ని కఠినమైన ఏకాంతవాసంలో గడపాలని సూచించారు. ఆ సూచనకు రూపమే సెల్యులర్ జైలు. 1896లో పని ప్రారంభమై 1906లో పూర్తి అయినది. వ్యయం రూ. 5,17,352 అని లెక్కలు చెబుతున్నాయి. ఇటుక మోసినదీ, గోడ లేపినదీ ఖైదీలే.

ఆ కట్టడపు పన్నుగడ ఎంత సరళమో అంత క్రూరం. నడుమ ఒక బురుజు, దానినుండి బండిచక్రపు ఆకులవలె ఏడు భాగాలు, ఒక్కొక్కటి మూడంతస్తులు, మొత్తం 693 గదులు. ఒక భాగపు ముఖం తరువాతి భాగపు వీపును చూస్తూ ఉండేటట్లు కట్టారు. అందుచేత ఏ ఖైదీకీ మరొక ఖైదీ ముఖం కనిపించదు. గది పొడవు సుమారు పదిహేను అడుగులు, వెడల్పు తొమ్మిది అడుగులు. వెనుక గోడలో పది అడుగుల ఎత్తున చిన్న గవాక్షం. ముందు ఇనుపచువ్వల తలుపు. తలుపు గొళ్ళెం తలుపుమీద ఉండదు. అది గోడలోని ఒక గూటిలోనికి దూరంగా పోతుంది. లోపలివాడు చువ్వల సందునుండి చేయి ఎంత చాచినా తాళాన్ని అందుకోలేడు. నడిమి బురుజులో నిలబడిన ఒక్క కావలివాడు ఏడు వరండాలనూ కనిపెట్టగలడు.

పని మరొక శిక్ష. ఎద్దులకు బదులు మనుషులను గానుగకు కట్టి కొబ్బరినూనె తీయించేవారు. రోజుకు ముప్పది పౌన్ల నూనె తీయాలన్నది నియమం. అది సాధ్యం కానివానికి కొరడా, సంకెళ్ళు, నిలువు సంకెళ్ళు. కొబ్బరిపీచు దంచడం దానికంటె తేలిక అని చెప్పుకొనేవారట. ఆ దంచుడులో అరచేతులు పుండ్లయ్యేవి. అలీపూరు బాంబు కేసులో శిక్షపడిన బారీంద్రకుమార్ ఘోష్, ఉల్లాస్కర్ దత్, నాసిక్ కేసులకు చెందిన సావర్కర్ సోదరులు మొదలుగా ఎందరో రాజకీయ ఖైదీలు ఈ గానుగల పాలయ్యారు. ఇందుభూషణ్ రాయ్ 1912లో తన గదిలోనే ఉరి వేసుకున్నాడు. ఉల్లాస్కర్ దత్ మతి చలించినది.

ఈ పేర్లు నేడు మనకు తెలియడానికి ఒక కారణం ఉన్నది. వారిలో పలువురు విద్యావంతులు. విడుదలైన పిమ్మట బంగాళీలో, మరాఠీలో, ఇంగ్లీషులో తమ అనుభవాలను గ్రంథస్థం చేశారు. చదువరులు ఆ పుస్తకాల ద్వారా ఆ గదులలోనికి ప్రవేశించారు. కాని వ్రాయనేర్చినవారు మాత్రమే అక్కడ మగ్గలేదు. తెలుగువారికి ఈ జైలుతో గల సంబంధం ఇక్కడే ఆరంభమవుతుంది.

గోదావరి, విశాఖ మన్యాలనుండి ఈ దీవులకు మనుషులను తరలించడం కొత్త కాదు. 1879లో చెలరేగిన రంప పితూరీ అణగిన తరువాత ఎందరో కొండవాసులను అండమానుకు పంపారు. అడవిమీద ఆంక్షలు, కల్లుగీతపై పన్ను, ముఠాదారుల హక్కుల హరణం ఆ పితూరీకి మూలాలు. నలభై ఏళ్ళు గడిచినా ఆ గాయం మానలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోవడంతో మన్యం మరల భగ్గుమన్నది. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజు కాల్చివేయబడ్డాడు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఏటా జనం వెళ్ళి పూలు ఉంచుతారు. మరి ఆయన వెంట నడిచినవారి సంగతి ఏమిటి? వారిలో అనేకులు ద్వీపాంతర శిక్షపడి ఈ జైలుకు చేరారు. కొండవాగుల చప్పుడు తప్ప సముద్రఘోష ఎరుగని మనుషులు వారు.

వారిలో ఒక్కరి పేరు ప్రజాజీవితంలో మరల వినిపించినది. రాజుకు కుడిభుజంగా నిలిచిన గాం సోదరులలో గంటందొర 1924లో ప్రాణాలు కోల్పోయాడు. మల్లుదొర పట్టుబడి దీర్ఘకాలం చెరసాలలో గడిపి, 1937లో విడుదలయ్యాడు. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకనాటి 'రాజద్రోహి' పార్లమెంటు సభ్యుడై కూర్చోవడం చరిత్ర తీర్చిన ఒక బాకీ. అయితే తక్కిన మన్యంవారు ఆత్మకథలు వ్రాయలేదు. వారి గురించి వ్రాసినవారూ తక్కువే. వారు ఏ గదిలో ఉన్నారో, రాత్రివేళ తమ భాషలో ఎవరితో మాట్లాడుకున్నారో చెప్పే పుస్తకం లేదు. వారు ఉన్న చోటు ఇదేనని చెప్పడానికి మిగిలినవి ఆ గోడలు మాత్రమే. చదువుకున్న ఖైదీకి జైలు ఒక జ్ఞాపకం కావచ్చు. చదువులేని ఖైదీకి అదే ఏకైక గ్రంథం.

చెరలోని పోరాటానికి తుది ఘట్టం 1930లలో జరిగినది. 1932 నుండి విప్లవకారులను మరల ఇక్కడికి తరలించసాగారు. మనిషి బ్రతుకదగిన తిండి, వెలుతురు, చదువుకొనడానికి పుస్తకాలు కావాలని 1933 మే నెలలో వారు నిరాహారదీక్ష పూనారు. అధికారులు బలవంతంగా పాలు పట్టించబోగా మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా మరణించారు. దీక్ష ఫలించి గదులలో దీపాలు వెలిగాయి, పుస్తకాలు వచ్చాయి. 1937 జూలైలో రెండవ దీక్ష జరిగినది. దేశమంతటా ఆందోళన చెలరేగినది. గాంధీజీ, రవీంద్రనాథ ఠాకూరు దీక్ష విరమించవలసినదిగా ఖైదీలను కోరారు. ఆ సంవత్సరాంతం నుండి రాజకీయ ఖైదీలను స్వదేశపు జైళ్ళకు తిప్పి పంపడం మొదలై, 1938 జనవరి నాటికి పూర్తి అయినది.

మనుషులు విడుదలైనారు; ఇక కట్టడానికి కష్టకాలం దాపురించినది. 1941 జూన్ 26న పెనుభూకంపం జైలును దెబ్బతీసినది. 1942 మార్చి 23న జపాను సేనలు దీవులను ఆక్రమించాయి. వారు స్వేచ్ఛ తెస్తారని ఆశించిన స్థానికులు త్వరలోనే నిరాశపడ్డారు. గూఢచారులన్న అనుమానంతో ఎందరినో ఇదే జైలులో హింసించారు. ప్రజల మన్ననలందుకొన్న వైద్యుడు దివాన్ సింగ్ ఆ హింసకు తాళలేక 1944 జనవరిలో కన్నుమూశాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి చంపారు; అక్కడ నేడు ఒక స్మారకం ఉన్నది. అంతకు నెలరోజుల ముందే, 1943 డిసెంబరు 30న, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఈ ఊరిలో జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. ఆశ, అఘాయిత్యం ఒకే గడ్డపై ఒకే కాలంలో నడిచాయి. జపానువారి కాలంలో జైలులో రెండు భాగాలు నేలమట్టమైనాయి.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట మరి రెండు భాగాలను కూల్చివేశారు. ఇందుకు ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. దీవుల జనానికి వైద్యశాల అవసరం. కట్టడానికి చదునైన చోటు దొరకడం కష్టం. దాస్యపు చిహ్నం స్థానంలో రోగులకు ఆశ్రయం వెలయడం మంచిదేనని వాదించినవారిలోనూ నిజాయితీ ఉన్నది. 1963లో గోవింద వల్లభ పంత్ వైద్యశాల ఆ ఆవరణలోనే వెలసినది. నేటికీ దీవులన్నిటికీ అదే పెద్దాసుపత్రి. కాని జైలు పూర్తిగా కనుమరుగు కావచ్చునన్న భయం కలిగినప్పుడు మాజీ ఖైదీలు కదిలారు. వృద్ధులైన ఆ మాజీ అండమాను రాజకీయ ఖైదీలు ఒక సంఘంగా ఏర్పడి, మిగిలిన భాగాలనైనా యథాతథంగా కాపాడవలసినదని పట్టుబట్టారు. తమను కొట్టిన గోడలకు వారు కావలివారైనారు. గోడ పోతే, ఆ గోడ మధ్య మరణించినవారి సాక్ష్యం కూడ పోతుందని వారు ఎరుగుదురు. తుదకు 1979 ఫిబ్రవరి 11న నాటి ప్రధాని మొరార్జీ దేశాయి సెల్యులర్ జైలును జాతీయ స్మారకంగా అంకితం చేశారు. 2014లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు చేసుకొన్నది.

కాపాడేవారు లేకపోతే కట్టడం గతి ఏమవుతుందో చూడగోరేవారు ఎదుటి చిన్న దీవికి పడవలో పావుగంటలో వెళ్ళవచ్చును. అదే పూర్వపు రాస్ దీవి. 2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. 1858 మొదలు ఎనభై ఏళ్ళకు పైగా తెల్లదొరల ముఖ్యస్థానం ఇదే. చీఫ్ కమిషనరు భవనం, ప్రార్థనాలయం, రొట్టెల కర్మాగారం, నాట్యశాల, అచ్చుయంత్రశాల ఇక్కడ ఉండేవి. ఖైదీలు నీటికావల జైలులో గానుగ తిప్పుతూంటే, ఇక్కడ సాయంకాలాలలో సంగీతం సాగేది. 1941 భూకంపంతో దొరలు దీవిని విడవసాగారు. మరుసటి ఏడు జపానువారు వచ్చారు. ఆ పిమ్మట దీవి అడవికి వశమైనది. 1979లో నౌకాదళం స్వాధీనపరచుకొనేనాటికి మిగిలినవి మొండిగోడలు. మర్రిజాతి చెట్ల వేళ్ళు ఆ గోడలను కొండచిలువలవలె చుట్టుకొని ఉన్నాయి. వేళ్ళను నరికితే గోడ కూలుతుంది. నరకకపోతే అవే క్రమంగా ఇటుకలను విడదీస్తాయి. రక్షణకు పూనుకొన్నవారికి అది నిత్యసమస్య. పాలకుల సౌధాలు వేళ్ళ కౌగిలిలో శిథిలమవుతూండగా, పాలితుల చెరసాల సున్నం పూసుకొని నిలబడి ఉండడం ఈ రేవులోని వింత.

అయితే కాపాడబడిన జ్ఞాపకాలలోనూ ఒక వెలితి ఉన్నది. ఊరిలో సముద్రపు ఒడ్డున ఒక చిన్న స్మారకస్తంభం కనిపిస్తుంది. 1859 మే నెలలో తమ అడవులను ఆక్రమిస్తున్న వలసవారిపై అండమాను ఆదివాసులు విల్లంబులతో తలపడిన అబర్డీను యుద్ధానికి అది గుర్తు. వారితో కొంతకాలం జీవించి తిరిగివచ్చిన దూధనాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా హెచ్చరించడంతో వలసవారు సిద్ధపడి, వారిని తుపాకులతో ఎదుర్కొన్నారు. ఆ జాతులవారు రోగాలతోనూ నష్టాలతోనూ క్షీణించి, నేడు బహుకొద్దిమంది మిగిలారు. వారు ఇటుక గోడలు కట్టలేదు, పుస్తకాలు వ్రాయలేదు. ఆ స్తంభం ఎదుట ఒక్క నిమిషమైనా నిలబడని యాత్రికుడు ఈ దీవుల కథను సగమే చదివినవాడవుతాడు.

2011 జనగణన ప్రకారం ఈ దీవులలో సుమారు నూటికి పదమూడు మందికి తెలుగే మాతృభాష. వారిలో పలువురి పూర్వులు ఉత్తరాంధ్ర తీరంనుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవారు. చేపల బజారులోనూ, రేవులోనూ, బడులలోనూ తెలుగు మాట వినిపిస్తుంది. ఒకనాడు మన్యంవారిని సంకెళ్ళతో దించిన తీరంలో, నేడు అదే భాష మాట్లాడేవారు స్వేచ్ఛగా తిరుగుతున్నారు.

జైలు ఆవరణలో సాయంకాలం ధ్వని, కాంతులతో ఒక ప్రదర్శన జరుగుతుంది. అక్కడి రావిచెట్టే కథకురాలు. అది చెప్పే కథ ముగిసి జనం లేచి వెళ్ళేసరికి చీకటి పడి ఉంటుంది. కాని ఈ జైలు చెప్పగల అసలు మాటను వినగోరేవారు మాత్రం పగటివేళ, జనం పలుచబడినప్పుడు, ఒక గదిలోనికి వెళ్ళి తలుపు మూసుకొని నిలబడాలి. గవాక్షంనుండి చారెడు ఆకాశం కనిపిస్తుంది. సముద్రం వినిపిస్తుంది, కనిపించదు. ఒకనాడు కొండలు దిగివచ్చిన మనిషి ఎవరో ఇక్కడే నిలబడి ఉంటాడు. చువ్వల సందునుండి చేయి చాచి గొళ్ళెంకోసం వెదికితే, వేళ్ళకు తగిలేది చల్లని గోడ మాత్రమే.